సీవీనా, రెజ్యూమెనా, బయోడేటానా: ఏది ఎవరికి పంపాలి?

మొన్న వేసవిలో మా మేనకోడలు ఒక కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. డిగ్రీ కెమిస్ట్రీ అప్పుడే పూర్తయింది. "మావయ్యా, పైడిభీమవరంలో మందుల కంపెనీకి పంపాలి. ఒకసారి చూసి పెట్టవా" అంది. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఒక జిరాక్స్ షాపులో చేయించుకొచ్చింది.

పైన లావుపాటి అక్షరాలతో 'కరిక్యులమ్ వీటా' అని ఉంది. కింద పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, మతం, కులం, పెళ్ళయిందా లేదా. చదువు ఆ తర్వాతెక్కడో. హాబీల దగ్గర 'క్రికెట్ ఆడటం' అని ఉంది. ఆ పిల్ల ఎప్పుడూ బ్యాటు పట్టలేదు. చివర సంతకం పక్కన ఊరు రాజాం అని ఉంది. వాళ్ళది ఆమదాలవలస. ఎవరో రాజాం కుర్రాడి ఫైలు తెరిచి, పేరూ ఫోన్ నంబరూ మార్చి ప్రింటు తీసి ఇచ్చేశారు.

"షాపులో అడిగారు మావయ్యా, ఏటి కావాలమ్మా, సీవీయా బయోడేటాయా అని. రెండూ ఒకటే కదా అనుకుని ఏదో ఒకటి చేసెయ్యమన్నాను."

ఈ మాట ఇరవై ఏళ్ళుగా డిగ్రీ పిల్లల నోట వింటూనే ఉన్నాను. వాళ్ళను తప్పుపట్టలేం, విడమరిచి చెప్పినవాళ్ళు లేరు. కానీ అవి ఒకటి కావు. కంపెనీ రెజ్యూమె కోరిన చోట పెళ్ళిసంబంధాల కాగితం లాంటిది పంపితే, చదివే మనిషి పైపైన చూసి పక్కన పెట్టేస్తారు. మూడేళ్ళ చదువు ఆ కాసేపట్లో కనపడకుండా పోతుంది. నాకు బాధ కలిగేది అక్కడే. అందుకే ఏది ఎప్పుడు రాయాలో కాస్త వివరంగా చెబుతున్నాను.

## ఎంచుకునే ముందు

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది, ఆ కాగితం చదివేది ఎవరన్నది. కంపెనీ హెచ్ఆర్ మనిషా, యూనివర్సిటీ ప్రొఫెసరా, ఓడల కంపెనీ ఏజెంటా, కాబోయే వియ్యాలవారా? ఒక్కొక్కరు ఒక్కో సంగతి కోసం చూస్తారు. హెచ్ఆర్ మనిషికి 'ఈ పని ఈ అమ్మాయి చేయగలదా' అన్నదే ప్రశ్న. ప్రొఫెసర్‌కు 'ఇంతవరకూ ఏం చదివింది, ఏం రాసింది, ఎవరి దగ్గర పనిచేసింది' అన్నీ కావాలి. వియ్యాలవారికి మీరు ల్యాబులో చేసిన టైట్రేషన్లతో పనిలేదు.

తర్వాత చోటు. ఒక పేజీలో చెప్పమన్నారా, ఎన్ని పేజీలైనా పర్వాలేదా? ప్రకటనలో ఉంటే అదే శాసనం. లేకపోతే ఫోన్ చేసి అడగండి, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

ఇక మూడోది మనవాళ్ళు అసలు ఆలోచించనిది: మీ సొంత వివరాలు ఎంతవరకు ఎవరి చేతికి వెళ్ళాలి? వాట్సాప్‌లో ఒకసారి పంపిన ఫైలు ఎన్ని ఫోన్లు తిరుగుతుందో మనకు తెలియదు. ఆధార్ నంబరు, పాన్ నంబరు ఈ మూడింటిలో దేనిలోనూ రాయక్కర్లేదు. ఉద్యోగం ఖాయమయ్యాక వాళ్ళే అడుగుతారు, అప్పుడిస్తే చాలు.

## మాటలోనే సగం జవాబు ఉంది

కరిక్యులమ్ వీటే లాటిన్ మాట. 'కుర్రెరె' అంటే పరుగెత్తడం. అందులోంచి వచ్చిన కరిక్యులమ్ అంటే పరుగు, పరుగు తీసే దారి. రోమన్లు రథాల పందేనికి కూడా ఈ మాట వాడేవారు. 'వీటా' అంటే జీవితం, 'వీటే' అంటే జీవితపు. రెండూ కలిపితే జీవితం సాగిన దారి అని అర్థం. అందుకే 'కరిక్యులమ్ వీటా' అని రాస్తే, 'రాముడి ఇల్లు' అనాల్సిన చోట 'రాముడు ఇల్లు' అన్నట్టు ఉంటుంది. పూర్తిగా రాస్తే 'వీటే' అని రాయండి, లేదా సీవీ అని ఊరుకోండి.

ఈ లాటిన్ మనకు మరీ కొత్తదేమీ కాదు. తీగలో పారే కరెంటు, చేతులు మారే కరెన్సీ, ఊళ్ళు తిరిగే కొరియర్, అన్నీ ఆ కుర్రెరె పిల్లలే. బడిలో కరికులమ్ అంటే చదువు సాగే దారి. వీటాలోంచి 1912లో విటమిన్ అనే మాట పుట్టింది. జర్మన్లు సీవీని 'లేబెన్స్‌లౌఫ్' అంటారు. లేబెన్ అంటే బతుకు, లౌఫ్ అంటే పరుగు. లాటిన్ మాటలో ఉన్న అర్థమే వాళ్ళ మాటలోనూ ఉంది.

రెజ్యూమె ఫ్రెంచి మాట, దాని మూలమూ లాటినే. కుదించి చెప్పినది అని అర్థం. చాలామంది దీన్ని 'రిజ్యూమ్' అంటారు. అలా అంటే ఆపిన పని మళ్ళీ మొదలుపెట్టడం అనే వేరే అర్థం వస్తుంది. ఇంటర్వ్యూలో ఈ ఒక్క ఉచ్చారణ సరిచేసుకోండి. బయోడేటాలో సగం గ్రీకు, సగం లాటిన్. బయోస్ అంటే జీవితం, డేటా అంటే ఇచ్చినవి. అంటే ఒక మనిషి గురించి ఉన్నవి ఉన్నట్టు ఇచ్చిన వివరాలు.

సాగిన దారి, కుదించినది, ఇచ్చిన వివరాలు. మన జిల్లా మనిషినే ఉదాహరణగా తీసుకుందాం. గిడుగు రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. తల్లిదండ్రులు వీళ్ళు, వాళ్ళ ఊరు ఇది, అని రాసి ఊరుకుంటే అది బయోడేటా. సవర గిరిజన పిల్లలకు చదువు చెప్పే బడికి ఆయన ఉద్యోగం కోరుతున్నారనుకోండి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన సంగతి, సవర భాష నేర్చుకున్న సంగతి, ఆ పిల్లల కోసం వాచకాలు రాసిన సంగతి, ఈ మూడూ ఏరి ముందు పెడితే అది రెజ్యూమె. శ్రీముఖలింగం శాసనాలు చదవడం, వాడుక భాష కోసం చేసిన పోరాటం, 1931లో వచ్చిన సవర వ్యాకరణం, అన్నీ ఏళ్ళ వరసలో పెడితే అది సీవీ. మనిషి ఒక్కరే, జీవితం ఒక్కటే. చదివేవాళ్ళు మారినప్పుడల్లా కాగితం మారుతుంది.

## మూడూ పక్కపక్కన

| చూడాల్సింది | బయోడేటా | రెజ్యూమె | సీవీ |
|---|---|---|---|
| ఏం చెబుతుంది | మీరెవరు, ఏ ఇంటివారు | ఈ పనికి మీరెలా పనికొస్తారు | ఇంతవరకూ ఏమేం చేశారు |
| నిడివి | ఒక పేజీ | ఒకటి, అనుభవం ఉంటే రెండు | రెండు నుంచి ఎన్నైనా |
| ముందు వచ్చేది | పేరు, పుట్టిన తేదీ, కుటుంబం | నైపుణ్యం, అనుభవం | చదువు, పరిశోధన |
| తల్లిదండ్రులు, కులం, పెళ్ళి | ఉంటాయి | అక్కర్లేదు | అక్కర్లేదు |
| ప్రతిసారీ మార్చాలా | పెద్దగా అక్కర్లేదు | తప్పకుండా మార్చాలి | కొత్తవి చేరుస్తూ పోవాలి |
| ఎక్కడ అడుగుతారు | పెళ్ళిసంబంధాలు, కొన్ని పాత పద్ధతి సంస్థలు | ప్రైవేటు కంపెనీలు | యూనివర్సిటీలు, పరిశోధన, విదేశాలు |

పట్టిక చూసి ఇంతేనా అనుకోకండి. అసలు చిక్కు చివరి వరసలో ఉంది. మన దగ్గర చాలా కంపెనీలు సీవీ పంపమని అడిగి రెజ్యూమె ఆశిస్తాయి. బ్రిటన్‌లో మామూలు ఉద్యోగానికి పంపే రెండు పేజీల కాగితాన్నే సీవీ అంటారు. అమెరికాలో దాన్ని రెజ్యూమె అంటారు, సీవీ అంటే పరిశోధకుల పొడుగాటి కాగితం. కాబట్టి పేరు చూసి కంగారు పడకుండా, అడిగింది ఎవరు, ఏ పనికి అని చూడండి.

## బయోడేటా

ఇప్పుడు మన శ్రీకాకుళం, విజయనగరం వైపు బయోడేటా అంటే ఎక్కువగా పెళ్ళిదే. ఇంటిపేరు, గోత్రం, నక్షత్రం, పాదం, ఎత్తు, చదువు, ఉద్యోగం, మేనమామలు ఎవరు, ఏ ఊరు. దానికది బాగానే ఉంటుంది, ఎందుకంటే చదివేవాళ్ళకు కావాల్సింది అదే. ఇంటి పూర్తి చిరునామా బదులు ఊరు, పెద్దవాళ్ళ ఫోన్ నంబరు ఇస్తే సరిపోతుంది.

ఉద్యోగానికి మాత్రం బయోడేటా పంపకండి. ఏదైనా ట్రస్టు బడో, చిన్న ఆఫీసో ప్రత్యేకంగా 'బయోడేటా తీసుకురండి' అంటే అప్పుడు ఒక పేజీ తయారుచేసుకోండి. అందులోనూ చదువు, పని పైన పెట్టి, కుటుంబ వివరాలు కిందికి దించండి.

## రెజ్యూమె

ఎక్కువమందికి కావాల్సింది ఇదే కాబట్టి దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

సుమారు 1482లో లియొనార్డో డావించి మిలాన్ పాలకుడు లుడోవికో స్ఫోర్జాకు కొలువు కోరుతూ ఒక ఉత్తరం రాశాడు. తేలికపాటి వంతెనలు కట్టగలను, ఫిరంగులు చేయగలను, కోటలు పడగొట్టే ఉపాయాలు తెలుసు, అని ఒక్కొక్కటే వరసపెట్టి చెప్పాడు. బొమ్మలు వేయగలనన్న మాట చివరికి వచ్చింది. తనలో అందరికంటే గొప్పదేదో ఆయన చూసుకోలేదు. యుద్ధాల్లో ఉన్న పాలకుడికి ఏం కావాలో చూశాడు. రెజ్యూమె రాసే పద్ధతి అదే. ప్రకటనను రెండుసార్లు చదవండి. వాళ్ళు అడిగిన పనులు పెన్నుతో గీత గీయండి. ఆ పనుల్లో మీరు నిజంగా చేసినవి ఏవో పై సగం పేజీలో ఉండాలి.

రెజ్యూమెతో ఒక ఇబ్బంది ఉంది, ప్రతి ఉద్యోగానికీ కొంత తిరగరాయాలి. సీవీకి ఆ బాధ లేదు. ఇరవై చోట్లకు ఒకే ఫైలు పంపేద్దామన్న ఆత్రం పిల్లల్లో ఉంటుంది. ఆ ఇరవై కంటే సరిగ్గా రాసి పంపిన అయిదు మేలని నా నమ్మకం.

పెద్ద కంపెనీల వెబ్‌సైట్లలో ముందు సాఫ్ట్‌వేర్ చదువుతుంది. రెండు నిలువు వరసలు, రంగుల డబ్బాలు, బొమ్మలు ఉంటే అది సరిగ్గా చదవలేకపోవచ్చు. సాదా అక్షరాలు, ఒకే వరస, పీడీఎఫ్. ఫోటో అడిగితేనే పెట్టండి. చివర 'పై వివరాలన్నీ నిజమని ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను' అనే ఇంగ్లీషు వాక్యం మనవాళ్ళకు బాగా అలవాటైపోయింది. ప్రైవేటు కంపెనీకి అది అవసరం లేదు. ఆ రెండు లైన్ల చోటు మీరు చేసిన ప్రాజెక్టుకు ఇవ్వండి.

## సీవీ

పీహెచ్‌డీ, లెక్చరర్ పోస్టు, విదేశీ స్కాలర్‌షిప్, పరిశోధన ఫెలోషిప్. వీటికి సీవీ. చదువు కొత్తదాని నుంచి పాతదానికి, తర్వాత థీసిస్ పేరు, గైడు పేరు, నెట్ లేదా సెట్ (లెక్చరర్ అర్హత పరీక్షలు), అచ్చయిన వ్యాసాలు, సదస్సులు, బోధన అనుభవం. వ్యాసాల దగ్గర నిక్కచ్చిగా ఉండండి. అచ్చయినవి వేరు, అంగీకరించినవి వేరు, పరిశీలనలో ఉన్నవి వేరు. పంపి ఊరుకున్నదాన్ని అచ్చయిందని రాస్తే కమిటీలో ఎవరో ఒకరు వెతికి పట్టుకుంటారు. దాంతో మిగతా పేజీల మీద కూడా నమ్మకం పోతుంది.

సీవీని ఒక్క రాత్రిలో రాయలేం. ఒక ఫైలు పెట్టుకుని, సదస్సుకు వెళ్ళొచ్చిన రోజునే ఒక లైను చేర్చండి. ఉద్యోగం కోరేవాళ్ళు కూడా ఇలాంటి పెద్ద ఫైలు ఒకటి ఇంట్లో పెట్టుకుంటే, రెజ్యూమె కావాల్సినప్పుడల్లా అందులోంచి ఏరుకోవచ్చు. నా విద్యార్థులందరికీ చెప్పేది ఇదే: సీవీ దాచుకోండి, రెజ్యూమె పంపండి.

## మీ సంగతి ఏదైతే

ప్రభుత్వ ఉద్యోగాలు రాసేవారు: ఈ మూడింటిలో ఏదీ అక్కర్లేదు. ఏపీపీఎస్సీకి ఓటీపీఆర్ (ఒకసారి చేసుకునే ఆన్‌లైన్ నమోదు) ఉంటుంది, మిగతావాటికి వాళ్ళ దరఖాస్తు ఫారం ఉంటుంది. అక్కడ మీ ఇష్టానికి రాసేది ఏమీ లేదు, సర్టిఫికెట్లో ఉన్నది ఉన్నట్టు నింపాలి.

ఓడల మీదికి, గల్ఫ్‌కు వెళ్ళేవారు: సోంపేట, కవిటి వైపు నుంచి ఎంతోమంది వెళ్తారు. ఓడ ఉద్యోగానికి పాస్‌పోర్టు గడువు, సీడీసీ (ఓడ ఉద్యోగి గుర్తింపు పుస్తకం), ఇండోస్ నంబరు (మన దేశ ఓడ ఉద్యోగుల జాబితాలో మీ నంబరు), చేసిన కోర్సులు పైన ఉండాలి. ఆ కింద ఓడ పేరు, రకం, మీ హోదా, ఎక్కిన తేదీ, దిగిన తేదీ పట్టికలాగా ఉండాలి. ఏజెంటు ముందు చూసేది ఆ పట్టికనే. వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు తమ పని పేరు అందరికంటే పైన, పెద్ద అక్షరాల్లో రాసుకోవాలి. గల్ఫ్ కాగితాల్లో ఫోటో, జాతీయత మామూలే. అమెరికా, బ్రిటన్ పంపేటప్పుడు ఫోటో, వయసు, మతం తీసేయండి.

పిల్లలు పుట్టాక మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళాలనుకునేవారు: మీకు రెజ్యూమె చాలు. మధ్యలో ఖాళీ ఉన్న ఏళ్ళను దాచిపెట్టే పద్ధతులు కొందరు చెబుతారు, నాకు అవి నచ్చవు. 'కుటుంబ బాధ్యతల కోసం విరామం' అని ఏళ్ళతో సహా ఒక్క లైను రాయండి. ఆ విరామంలో ట్యూషన్లు చెప్పినా, పొదుపు సంఘం లెక్కలు రాసినా అదీ చేర్చండి. సంఘం పుస్తకం తప్పులేకుండా నడిపినవాళ్ళకు లెక్కలు రావని ఎవరనగలరు?

జిల్లా మారినవారు: ఇది మన ప్రాంతంలో చాలామందికి ఉన్న టెన్షన్. 2022 ఏప్రిల్లో జిల్లాలు మారినప్పుడు రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చింది, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్ళింది. పాత సర్టిఫికెట్లో ఒక జిల్లా, ఇప్పటి చిరునామాలో ఇంకో జిల్లా. రెజ్యూమెలో ఇప్పటి జిల్లా రాస్తే చాలు. యూనివర్సిటీ పేరు మాత్రం మీ సర్టిఫికెట్ మీద ఉన్నదే రాయాలి. విజయనగరంలో ఒకే ఇంట్లో అన్నకు కాకినాడ జేఎన్‌టీయూ పట్టా, తమ్ముడికి దాన్నుంచి తర్వాత విడిపోయిన జేఎన్‌టీయూ గురజాడ పట్టా ఉండొచ్చు. అన్న కూడా కొత్త పేరు రాస్తే పరిశీలనలో చిక్కు వస్తుంది.

## ఆ పిల్ల కాగితం ఏమైంది

పాత కాగితం పక్కన పెట్టి, తెల్లకాగితం ఇచ్చి, నువ్వు చేసిన పనులన్నీ రాయమన్నాను. ల్యాబు ప్రాక్టికల్స్, చివరి ఏడాది ప్రాజెక్టు, ఎన్ఎస్ఎస్ శిబిరం రాసి పెన్ను మూసేసింది.

"వేసవి సెలవుల్లో కాశీబుగ్గలో అమ్మమ్మ దగ్గరున్నప్పుడు జీడిపిక్కల ఫ్యాక్టరీకి వెళ్ళేదానివి కదా?"

"అది కూలి పని మావయ్యా. రాస్తే చిన్నచూపు చూడరా?"

అక్కడ ఏం చేసేదానివో చెప్పమన్నాను. చెప్పింది. జీడిపప్పును గుళ్ళు, బద్దలు, ముక్కలుగా వేరు చేయడం. గుళ్ళను మళ్ళీ సైజు బట్టి 180, 210, 240, 320 అని విడదీయడం. ఆ అంకె పౌనుకు ఎన్ని గుళ్ళు తూగుతాయో చెబుతుంది, అంకె తగ్గేకొద్దీ గుండు పెద్దది. మచ్చ ఉన్నది, కాస్త రంగు మారినది తీసి పక్కన వేయాలి. రోజంతా కళ్ళు దాని మీదే. చెబుతుంటే ఆ పిల్ల వేళ్ళు టేబుల్ మీద ఏరుతున్నట్టే కదిలాయి.

తను అడుగుతున్నది మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ ట్రైనీ ఉద్యోగం. మచ్చ పట్టుకోవడం, సైజు తేల్చడం, తేడా వచ్చిన సరుకు ఆపడం. ఆ రెండు వేసవులు రెజ్యూమెలో మూడో లైనుగా వచ్చాయి. ఏ ఏడాది, ఎన్ని వారాలు, ఏం చేసింది, అంతే రాశాం. క్రికెట్ తీసేశాం. కులం, మతం, తండ్రి పేరు తీసేశాం. ఊరు ఆమదాలవలస అని సరిచేశాం. పేజీలో ఇంకా నాలుగు వేళ్ళ చోటు మిగిలింది. అది అలాగే ఉండనిచ్చాం.

ఫైలుకు తన పేరు, ఉద్యోగం పేరు పెట్టి మెయిల్ పంపుతుండగా మా అక్క వంటింట్లోంచి వచ్చి తొంగి చూసింది. "బాగా చేశార్రా. ఇదే ఇంకో రెండు కాపీలు తీయండి, విజయనగరం సంబంధం వాళ్ళు అడుగుతున్నారు" అంది.

"అది వేరే కాగితం అమ్మా" అంది మా మేనకోడలు, స్క్రీన్ మీంచి కళ్ళు తిప్పకుండా. "అది తర్వాత రాద్దాం."